బెండు చూడటానికి ఒక మనిషి

చెప్పాలి. బెండు నిలబడేలోపు చెప్పేద్దామనుకున్నాను, అది నిలబడిపోయింది. మామయ్యగారు గాలం విసిరిన ప్రతిసారీ బెండు ముందు పక్కకి వాలి పడుకుంటుంది, సీసం గుండు అడుక్కి దిగాక బద్ధకంగా లేస్తుంది, అలారం మోగాక నేను లేచినట్టు. ఎర్ర తల పైకి, తెల్ల ఒళ్ళు నీళ్ళలోకి. నిలబడింది మామయ్యా, అన్నాను. ఊఁ, అన్నారాయన. ఆ ఊఁ తర్వాత బోలెడంత ఖాళీ ఉంది. అందులో పెట్టాల్సిన మాట నా దగ్గర సిద్ధంగానే ఉంది. వదిన వస్తోంది, ఈ పూటే, కారు తీసుకుని, మిమ్మల్ని తన ఇంటికి తీసుకెళ్ళి ఇక అక్కడే ఉంచుకోవడానికి, రమ్మన్నది నేనే. ఇంతే కదా. ఇంట్లో చెప్పలేకపోయాను, దారిలో చెప్పలేకపోయాను, వాలు రాళ్ళ మీద ఆయన చెయ్యి పట్టుకుని దించుతున్నప్పుడు చెబితే ఎక్కడ తూలిపడతారోనని ఊరుకున్నాను. ఇప్పుడు కూర్చున్నారు, పడే భయం లేదు, వినడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. అయినా ఇన్ని నీళ్ళు ఎదురుగా పెట్టుకుని నేను నీళ్ళు నములుతున్నాను. వదిన, ఆయన కూతురు, నేరుగా ఇక్కడికే వస్తానంది. ఇంటికొస్తే వాళ్ళ నాన్న మంచం కోడు పట్టుకుని కదలడని ఆవిడ భయం. బట్టల సంచి దారిలో ఇంటి దగ్గర ఆగి తీసుకుంటుందట. సర్దింది నేనే, నిన్న ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు, చప్పుడు కాకుండా. కళ్ళు లేని మనిషి దగ్గర చప్పుడు కాకుండా పని చెయ్యడం ఎంత నీచంగా ఉంటుందో అప్పుడే తెలిసింది. కానీ ఏం చెయ్యను, నా వల్ల కావడం లేదు.

బెండు చూడటం నా పని. కర్ర ఆయన పట్టుకుంటారు, ఎర ఆయన గుచ్చుతారు, రొట్టె ముద్దను వేళ్ళ మధ్య నలిపి నలిపి గాలం మొన కనపడకుండా మూస్తారు, అన్నీ తడుముకునే చేసుకుంటారు. ఒక్క బెండు మాత్రం తడమడానికి అందదు. అందుకని నేను. చేప ఎర ముట్టుకుంటే బెండు తల ఊపుతుంది, అప్పుడు నేను మాట్లాడకూడదు. ఎర్ర తల మొత్తం మునిగితే లాగండి అనాలి. అంతే ఉద్యోగం. ప్రతి ఆదివారం పొద్దున్నే, నాకున్న ఒకే ఒక్క సెలవు రోజున, ఊరివాళ్ళు తాగే నీళ్ళ జలాశయం ఒడ్డున, ఈదరాదు అని రాసి ఉన్న బోర్డు పక్కన. బోర్డు మీద ఈ పోయింది, దరాదు మాత్రం మిగిలింది. అవతల పంపు గది నుంచి ఎప్పుడూ ఒకటే మూలుగు. ఆయనకి నీటికాసులు అన్నారు డాక్టరు. చీకటి ముందు పక్కల నుంచి వచ్చింది, తర్వాత నడి మధ్యకి వచ్చేసింది. ఇప్పుడు వెలుగూ నీడా తెలుస్తాయి, ఎదురుగా మనిషి ఉన్నట్టు తెలుస్తుంది, ఎవరో గొంతు వింటే గానీ తెలియదు. చూపు పోయాక అన్నీ మానేశారు, నడక మానేశారు, నలుగురిలోకి వెళ్ళడం మానేశారు, ఇదొక్కటి మానలేదు. మా ఆయన ఒకసారి తీసుకొచ్చాడు, బెండు చూస్తూ చూస్తూ స్నేహితుడితో కబుర్లలో పడ్డాడు. వాడు పనికిరాడు, నువ్వు రామ్మా, నీ కన్ను నిలకడగా ఉంటుంది, అన్నారు మామయ్య. పొగిడితే పొంగిపోయాను. పొగడ్తకి పడిపోవడం నాకు కొత్తేం కాదు, అలా పడే ఇంటెడు చాకిరీ నెత్తినేసుకున్నాను.

గాలి లేదు. నీళ్ళు ఇస్త్రీ చేసినట్టున్నాయి. ఇస్త్రీ గుర్తు రాకుండా ఒక్క పూట గడవదు కదా నాకు. ఆసుపత్రి బట్టలు ఉతికే చోట నా పని. ఉతకడం యంత్రాలే ఉతుకుతాయి, దుప్పట్లు వేడి రోలర్ల మధ్య నుంచి పొగలు కక్కుతూ బయటికి వస్తాయి. వాటిని నేనూ, పనిలో నా జంటా చెరో అంచు పట్టుకుని, ఒకరి వైపు ఒకరం నడిచి, అంచుకి అంచు కలిపి, మళ్ళీ వెనక్కి నడిచి, మళ్ళీ ఎదురొచ్చి మడతపెట్టాలి. మా ఆయన వైపు కూడా ఇన్నిసార్లు నడవలేదే నేను, అంటుంది నా జంట, నవ్వినప్పుడు దాని భుజాలు కదిలి దుప్పటి కూడా నవ్వుతుంది. సాయంత్రానికి నవ్వు ఉండదు. అరికాళ్ళు మండుతుంటాయి, నడుము ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టుంటుంది. దుప్పట్ల మడతల్లో ఒక్కోసారి రోగుల వస్తువులు దొరుకుతాయి, కళ్ళజోడు, కట్టుడు పళ్ళు, సగం కొరికిన బిస్కెట్టు. ఒకసారి చిన్న పిల్లల సాక్సు ఒక్కటే దొరికితే నా జంట దాన్ని పట్టుకుని కూర్చుండిపోయింది. యంత్రం ఆగదు, మేము కూర్చుంటే దుప్పట్లు కుప్ప పడతాయి, సూపర్‌వైజరు గాజు తలుపు వెనక నుంచి చూస్తాడు. ఇంటికి వచ్చాక మళ్ళీ దుప్పట్లే, మామయ్యవి. రాత్రిళ్ళు లేచి గోడ పట్టుకుని నడుస్తారు, అలికిడికి నాకు మెలకువ వస్తుంది, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి తీసుకొస్తాను, పడుకో అమ్మా నేను పోగలను అంటారు, పోలేరు. మా ఆయనకి లారీ డ్యూటీ, ఉంటే ఇంట్లో గురక, లేకపోతే రోడ్డు మీద. చెడ్డవాడు కాదు. ఏమంటావు అని అడిగితే నీ ఇష్టం అంటాడు. నీ ఇష్టం అనే మాట వింటే నాకు ఒళ్ళు మండిపోతుంది, అది భారాన్ని మోసే మాట కాదు, దించుకునే మాట.

బెండు తల కొంచెం ఊగింది. కాదు, తూనీగ వాలింది. మామయ్య వేళ్ళు కర్ర మీద అలాగే ఉన్నాయి, చూపుడువేలు ముందుకు చాపి, దారం వచ్చి ఆ వేలి మీద ఆనేలా పట్టుకుంటారు, ఎందుకో అలవాటు. పెద్ద చేతులు కావు, ఆడవాళ్ళ చేతుల్లా సన్నగా ఉంటాయి. దర్జీ చేతులు మరి. బజారులో మెట్ల కింద చిన్న కొట్టు, ఒక కుట్టు మిషను, గోడకి వేలాడే సగం కుట్టిన కోట్లు, తలలు లేని మనుషుల్లా. నేను ఈ ఇంటికి వచ్చిన కొత్తలో నన్ను టేపుతో కొలవకుండా ఒక్కసారి చూసి జాకెట్టు కుట్టి ఇచ్చారు, నా ఒంటికి ఇంకెవరూ అలా కుట్టలేదు. నేను ఆసుపత్రి పనిలో చేరినప్పుడు బట్టల మీద వేసుకోవడానికి ముదురు నీలం రంగు గౌను కుట్టారు, లోపల ఒక జేబు పెట్టారు, అడగలేదు నేను. ఎందుకు మామయ్యా అంటే, ఆడదానికి ఎవరికీ కనపడని జేబు ఒకటి ఉండాలమ్మా అన్నారు. ఏం పెట్టుకోను అంటే ఏమీ పెట్టుకోకు, ఉందని తెలిస్తే చాలు అన్నారు. చూపు పోతోందని మాకెవరికీ చెప్పలేదు. నల్ల బట్ట మీద నల్ల దారంతో కుట్టిన కోటు ఒకటి వెనక్కి వచ్చింది, రెండు చేతులూ ఒకే వైపువి. గిరాకీ పెద్దమనిషి నవ్వాడు. ఈయన కూడా నవ్వారు, ఆ సాయంత్రం మిషనుకి గుడ్డ కప్పేశారు. ఈ మనిషినా నేను పంపించేస్తున్నాను. అవును, ఈ మనిషినే. ప్రేమ లేక కాదు. ప్రేమ ఉంటే నడుము నొప్పి తగ్గుతుందా ఏమన్నా.

"నీళ్ళెలా ఉన్నాయి?"

గొడుగాయన. అటుగా వెళుతూ ఆగాడు. ఎండైనా వానైనా, రెండూ లేకపోయినా నల్ల గొడుగు కింద కూర్చుని చేపలు పడతాడు, అందుకే ఆ పేరు. ఇక్కడ ఎవరూ ఎన్ని పడ్డాయని అడగరు, అది మర్యాద కాదు, నీళ్ళెలా ఉన్నాయి అనే అడగాలి. పడితే బాగున్నాయనాలి, పడకపోతే చల్లగా ఉన్నాయనాలి. నాకిదంతా నేర్చుకోవడానికి కొన్నాళ్ళు పట్టింది. మొదటి రోజు, ఎన్ని పట్టారండీ అని అడిగేసి, గట్టు మీద అందరూ నా వైపు చూస్తే నాలుక కరుచుకున్నాను.

"చల్లగానే ఉన్నాయి," అన్నారు మామయ్య.

"అలాగా," అని గొడుగాయన నా వైపు చూసి చిన్నగా నవ్వి వెళ్ళిపోయాడు. ఎప్పుడూ అంతే, నేను లాగండి అని అరిచినప్పుడల్లా గొడుగు కింద నుంచి ఆ నవ్వు వస్తుంది. నా అరుపుకి నవ్వొస్తోందేమో అనుకుంటాను. మంచివాడే. మొదట్లో ఒకసారి, మీరెందుకమ్మా ఇక్కడ ఎండలో, దించి వెళ్ళిపోండి, పెద్దాయన్ని నేను చూసుకుంటాను, అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది, ఇంటి దగ్గర బట్టలున్నాయి, మా అమ్మాయి పరీక్షలున్నాయి, వంటగది కడగాల్సి ఉంది. మామయ్య ఒప్పుకోలేదు. మీ బెండు మీరు చూసుకోవాలి, నా బెండు చూడటానికి నాకో మనిషి కావాలి, అని కొంచెం కటువుగానే అన్నారు. ఆ రోజు కోపం వచ్చింది. ఆయన సరదా కోసం నా ఒక్క సెలవూ ఈ రాళ్ళ మీద కరిగిపోవాలా అని మనసులో సణుక్కుంటూ కూర్చున్నాను. కూర్చున్నాను కదా, అదీ చెప్పాలి. సణుక్కుంటూనే అయినా కాళ్ళు చాపుకుని కూర్చున్నాను.

ఇప్పుడు చెబుతాను. మామయ్యా, అని పిలిచాను. ఊఁ. మామయ్యా, మొన్న మీరు స్టవ్ వెలిగించారు కదా. వెలిగించాను, అన్నారు. అంతే, ఆగిపోయాను. ఆ సాయంత్రం నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి మెట్ల దాకా పొగ. నాకు టీ పెడదామనుకున్నారట, నేను వచ్చే వేళ చెవికి తెలుస్తుంది ఆయనకి, వీధి చివర బస్సు ఆగే చప్పుడుతో. పాలు పొంగాయి, దించబోయి మసిగుడ్డ మంట మీద పెట్టారు, అది అంటుకుంది, దాన్ని కాలితో తొక్కి ఆర్పుతూ నిలబడి ఉన్నారు, చెప్పులు లేని కాలితో. నేను అరవలేదు. నీళ్ళు పోశాను, కిటికీలు తెరిచాను, ఆయన కాలికి మందు రాశాను, తర్వాత వంటగది నేల మీద కూర్చున్నాను, ఇక లేవలేకపోయాను. ఏడుపు కూడా రాలేదు. లేవాలని తెలుసు, కాళ్ళకి ఎవరూ చెప్పడం లేదు, అలా ఉంది. అమ్మాయి వచ్చి ఏంటమ్మా అంటే, ఏం లేదు, నేల చల్లగా ఉంది అన్నాను. కూర్చున్న చోటు నుంచే వదినకి ఫోన్ చేశాను. నా వల్ల కాదు వదినా, నువ్వు తీసుకెళ్ళు. ఆదివారం వస్తాను, నువ్వు చెప్పి ఉంచు, అంది. తను గోదాములో సరుకుల పని చూస్తుంది, భర్త పోయాక అంతా ఒక్కతే నెట్టుకొస్తోంది, ఆవిడకి మాత్రం ఎక్కడుంది తీరిక. భారం దించుతున్నానా, ఇంకొకరి నెత్తికెత్తుతున్నానా. నాకు తెలియదు. తెలుసుకునే ఓపిక కూడా లేదు.

"లాగండి!"

బెండు మునిగింది, మునిగినట్టే ఉంది. మామయ్య కర్ర పైకెత్తారు, దారం నీళ్ళు చిమ్ముతూ లేచింది, చివర చేప లేదు, ఎర చెక్కుచెదరకుండా ఉంది. గాలి వచ్చింది, అల వచ్చింది, అంతే. గొడుగు కింద నుంచి నవ్వు. "తప్పించుకుంది," అన్నారు మామయ్య, ఎర తడిమి చూసి, మళ్ళీ విసిరారు. నా తప్పే మామయ్యా, అన్నాను. పోనీలే, నీళ్ళలో అదే ఉంటుంది, ఎక్కడికి పోతుంది, అన్నారు. ఎప్పుడూ ఇదే మాట. విసుక్కోరు. విసుక్కుంటే బాగుండు, చెప్పడం తేలికయ్యేది. బెండు పక్కకి వాలింది, లేచింది, నిలబడింది. ఎర్ర తల. దాని చుట్టూ వెలుగు ముక్కలు ముక్కలుగా పగిలి మళ్ళీ అతుక్కుంటోంది. కళ్ళు మండుతున్నాయి. కన్ను తిప్పకూడదు, రెప్ప వెయ్యచ్చు, ఒక్క రెప్ప, ఆ రెప్పపాటులో ఏం మునిగిపోదు. పంపు మూలుగుతోంది, కాదు, రోలర్లు, దుప్పటి బయటికి వస్తోంది, ఎంత పొడుగు దుప్పటి, జలాశయమంత ఉంది, అవతలి అంచు పట్టుకుని నా జంట నీళ్ళ మీద నిలబడింది, రా అంటోంది, నడిచి రా, ఈ మడత పెట్టేస్తే అయిపోతుంది, ఇదే చివరిది. నేను ఒక అంచు పట్టుకుని నడుస్తున్నాను, నీళ్ళు మోకాళ్ళ దాకా గోరువెచ్చగా ఉన్నాయి, దుప్పటి మడతలో ఏదో కదులుతోంది, ఎవరిదో వస్తువు, ఇచ్చెయ్యాలి, ఎవరిదో అడగాలి, కానీ ఎంత హాయిగా ఉంది, ఎవరూ పిలవడం లేదు, ఎవరూ లేవమనడం లేదు.

నెత్తిన ఏదో మెత్తగా తగులుతోంది. తువ్వాలు. మామయ్య భుజం మీది తువ్వాలు నా తల మీద, మొహం మీద ఎండ పడకుండా కప్పి ఉంది. ఉలిక్కిపడి లేచాను. ఎండ మా దాకా దిగింది, నేను కళ్ళు మూసినప్పుడు అది ఇంకా గట్టు పైనే ఉంది. ఎంతసేపు పడుకున్నానో. బెండు. బెండు ఎక్కడ. ఉంది, నిలబడే ఉంది. అప్పుడు చూశాను ఆయన చేతులు. మణికట్ల దాకా తడిసి ఉన్నాయి, వేళ్ళ సందుల్లో పొలుసులు మెరుస్తున్నాయి. రాళ్ళ మధ్య నీళ్ళలో కట్టిన జాలీ సంచి ఇందాక ఖాళీ, ఇప్పుడు అందులో ఏవో కొట్టుకుంటున్నాయి. ఒకటి కాదు. ఒక జెల్ల కూడా ఉంది, నల్లగా, మీసాలతో, దాన్ని పట్టుకుని గాలం తీయడం కళ్ళున్నవాళ్ళకే కష్టం, ముళ్ళు దిగుతాయి. ఎవరు తీసిచ్చారు అనుకుని చుట్టూ చూశాను. గొడుగాయన తన చోటే ఉన్నాడు, దూరంగా, ఇటు చూడకుండా.

"మామయ్యా, ఇవెలా పడ్డాయి?"

"గాలానికే పడ్డాయి."

"మునిగిందని ఎవరు చెప్పారు?"

ఆయన చూపుడువేలు కొంచెం పైకెత్తి చూపించారు, దారం ఆ వేలి మీదుగా నీళ్ళలోకి పోతోంది. "ఇది చెబుతుంది," అన్నారు. "జన్మంతా దారాన్ని వేలి మీద నడిపించినవాణ్ణి. ఎక్కడ బిగిసిందో, ఎక్కడ వదులైందో వేలికి తెలియదా? చేప మూతి పెట్టగానే తెలుస్తుంది. నీ బెండు కంటే ముందే."

నాకు వెంటనే ఏమీ అర్థం కాలేదు. నిద్ర మత్తు ఇంకా వదల్లేదు. తర్వాత అర్థం కావడం మొదలైంది, ఒక్కొక్కటే, మడత విప్పినట్టు. ఇందాక చెక్కుచెదరని ఎర. అంతకుముందు ఆదివారాలన్నీ. నేను గాలికి మోసపోయి, తూనీగలకి మోసపోయి, ఎండుటాకులకి మోసపోయి అరిచిన అరుపులన్నీ. గొడుగు కింది నవ్వు.

"మరి నేను లాగండి అన్నప్పుడల్లా లాగేవారు. చేప లేదని తెలిసి కూడానా?"

"నువ్వు లాగమన్నావు కదమ్మా."

"బెండు చూడటానికి మనిషి కావాలన్నారు."

"అననూ మరి? ఆ గొడుగాయనకి నన్ను అప్పజెప్పి ఇంటికి పోయి బట్టలు ఉతుక్కుందామని చూశావు. ఇంట్లో నిన్ను కూర్చోనిచ్చేదెవరు? నేనా, వాడా, నీ కూతురా? కూర్చోమంటే కూర్చుంటావా నువ్వు? ఏదో ఒక పని చెబితే గానీ కూర్చునే రకం కాదు." ఎర డబ్బా మూత తడిమి పెట్టారు. "కూర్చోబెట్టగలిగాను గానీ నిద్రపుచ్చలేకపోయాను ఇన్నాళ్ళూ. కళ్ళు అతికించుకుని ఆ బెండునే చూసేదానివి. ఇవాళ పడుకున్నావు. పెద్దగా గురక కూడా పెట్టావు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు, రెండూ వచ్చాయి. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాను, అది చేపల వాసన, ఆయన వాసన. ఆదివారం పొద్దున్న నా సెలవు ఆయన సరదాకి కరిగిపోతోందని సణుక్కున్నానే. వారం మొత్తంలో నేను కూర్చున్న గంట ఇదొక్కటే. ఆ గంటని కుట్టి నాకిచ్చిన మనిషిని, విశ్రాంతి కావాలని నేనే పంపించేస్తున్నాను. ఇంత తెలివితక్కువ పని ఎవరన్నా చేస్తారా. కానీ మిగతా రోజులు, మిగతా రాత్రులు కూడా ఉన్నాయి కదా, స్టవ్ ఉంది, మెట్లున్నాయి. ఈ గంట ఎంత మంచిదైనా వారాన్నంతా మొయ్యలేదు. నాకు ఆయన మీద పడి ఏడవాలనిపించింది, పంపను అని చెప్పాలనిపించింది, చెప్పినా మళ్ళీ రేపు సాయంత్రం ఆ నేల మీదే కూర్చుండిపోతానని తెలుసు. ఇక ఆగకుండా చెప్పేశాను.

"మామయ్యా, వదిన వస్తోంది. మిమ్మల్ని తీసుకెళ్ళి తన దగ్గర ఉంచుకుంటుంది. నేనే రమ్మన్నాను. మీరు చేసిన తప్పేమీ లేదు. నేను అలిసిపోయాను."

వేలు దారం మీద కదల్లేదు. మొహం నీళ్ళ వైపే ఉంది.

"ఎప్పుడు?"

"ఇప్పుడే. ఇక్కడికే."

"ఊఁ," అన్నారు. ఈ ఊఁ వేరు. "బాధ లేదంటే అబద్ధం," అన్నారు. "నీ అలుపు తెలుస్తూనే ఉందమ్మా. మెట్లెక్కేటప్పుడు మధ్యలో ఆగుతున్నావు ఈ మధ్య. ఇదివరకు ఆగేదానివి కాదు." మళ్ళీ కాసేపటికి, "దాని గోదాము వెనక పాత క్వారీ గుంట ఉండాలి. నీళ్ళు నిండి ఉంటుందని చెప్పేది. చేపలున్నాయో లేదో."

"ఉంటాయి మామయ్యా. అడుగుతాను."

"లేకపోయినా ఫరవాలేదు. ఒకటి చెబుతాను వింటావా? ఈ వేలి సంగతి దానికి చెప్పకు. నాన్నకి బెండు కనపడదు, ఎవరో ఒకళ్ళు పక్కన కూర్చుని చూడాలి అని చెప్పు. దాని మొగుడు పోయాక అది ఒక చోట కూర్చోగా నేను చూళ్ళేదు, నాకు కళ్ళున్నప్పుడు కూడా."

నాకు అసూయ కలిగింది. సిగ్గులేకుండా చెబుతున్నాను. నా ఆదివారం వదినకి పోతోంది. ఆయన అప్పుడే దాన్ని కొలత మార్చి ఆవిడకి కుట్టేస్తున్నారు. మరి నాకు, అని చిన్నపిల్లలా అడగబోయాను. అడిగితే, అమ్మా నువ్వు కూడా రా అంటారు, రానూ పోనూ ప్రయాణం, ఎక్కడ కుదురుతుంది. అలాగే మామయ్యా, చెప్పను, అన్నాను.

గట్టు మీద కారు తలుపు పడింది. వదిన గొంతు ముందు వచ్చింది, మనిషి తర్వాత. ఆ లోడు వెనక్కి పంపకు, సంతకం నేను పెడతాను, అరగంటలో, కాదు అరగంటలో అన్నాను కదా. ఫోను చెవికి కుట్టేసి ఉంటుంది ఆవిడకి, నాన్నే కుట్టాడంటాడు మా ఆయన. నేను సగం దాకా ఎదురెళ్ళాను. ఫోను మీద అరచెయ్యి మూసి, "చెప్పావా?" అంది. చెప్పానన్నాను. "ఏమన్నారు?" వస్తానన్నారు. వదిన మొహంలో ఏదో బిగువు సడలినట్టయింది, గొడవవుతుందని దారంతా భయపడుతూ వచ్చినట్టుంది. దగ్గర నుంచి చూస్తే ఆవిడ కళ్ళ కింద కూడా నా కళ్ళ కింద ఉన్నటువంటి నలుపే, కాస్త పౌడరు వేసి ఉంది, అంతే తేడా.

"సరే పద, ఎండ ముదరక ముందే బయల్దేరితే మంచిది," అంది.

"కాసేపు ఆగు వదినా. ఎర ఇప్పుడే మార్చారు. ఆయనకి బెండు కనపడదు, పక్కన కూర్చుని చూసేవాళ్ళు కావాలి. ఎర్ర తల మొత్తం మునిగితే లాగమని చెప్పు. కన్ను తిప్పకూడదు."

"నువ్వున్నావుగా?"

"నేను నీ కారులో కాసేపు పడుకుంటాను. ఫోను ఇటివ్వు. అది చూస్తూ ఇది చూడటం కుదరదు."

ఇవ్వదనుకున్నాను. ఫోను వైపు చూసింది, నీళ్ళ దగ్గర వంగి కూర్చున్న వీపు వైపు చూసింది. లైనులో ఎవరో ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు. తర్వాత చేస్తానని చెప్పి, నా చేతిలో పెట్టి, ఎత్తు చెప్పులు విప్పి పట్టుకుని, రాళ్ళ మీద అడుగులో అడుగేసుకుంటూ దిగింది. నేను గట్టెక్కాను. కారు వెనక సీటులో కాళ్ళు ముడుచుకుని, తలుపు తెరిచే ఉంచి పడుకున్నాను. సీటు ఎండకి కాలుతోంది, అయినా లేవలేదు. కింద నుంచి మాటలు ముక్కలు ముక్కలుగా వస్తున్నాయి. ఎవరూ, అని మామయ్య, తెలియనట్టు. నేనే నాన్నా, అని వదిన. నాకు కళ్ళు చెమర్చాయి, తుడుచుకోలేదు, అలాగే వదిలేశాను. చేతిలో ఫోను మోగింది, ఆగింది, మళ్ళీ మోగింది. లేచి తలుపులోంచి తల బయటపెట్టి, వదినా, ఫోను, అని కేకేశాను. ఆవిడ వాళ్ళ నాన్న పక్కన గడ్డం మోకాళ్ళ మీద ఆనించుకుని కూర్చుని ఉంది. వెనక్కి తిరగలేదు. చెయ్యి మాత్రం పైకెత్తి ఊపింది, ఉండమన్నట్టు.